బడి ఆవరణలో నాటిన కర్ర



నేను నల్లగొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతున్నాను. కొన్నేళ్ల కిందటి మాట. జూన్ నెల, బడులు తెరిచి వారం దాటింది. ఏడో తరగతిలో వెలుగు గురించి, నీడల గురించి మాట్లాడుతూ, మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వస్తాడని, అప్పుడు మన నీడ మన కాళ్ల కిందికి చేరుతుందని చెప్పాను. నా చిన్నప్పుడు మా సారు చెప్పిన మాటే అది. దాన్ని నేను ఎన్నడూ పరీక్షించి చూడలేదు.

మర్నాడు ఒక పిల్లవాడు లేచి నిలబడ్డాడు. "సార్, నిన్న పన్నెండు గొట్టంగ జెండా కట్టె కాడ సూసిన. నీడ కిందికి రాలే, పక్కకే ఉన్నది" అన్నాడు.

"సరిగ్గా చూసి ఉండవు. కూర్చో" అన్నాను. కూర్చున్నాడు. ఆ తర్వాతి రోజు మళ్లీ లేచాడు. "ఇయ్యాల గూడ సూసిన సార్. బొగ్గుతోని గీత గీసిన. వచ్చి సూడుండ్రి."

వెళ్లాను. తరగతి మొత్తం నా వెనకాలే వచ్చింది. జెండా గద్దె మీద నల్లటి బొగ్గు గీత స్పష్టంగా ఉంది, గద్దె అంచు దగ్గర విరిగి నేల మీదికి దిగింది. వాడు చూసింది నిజమే. అదెందుకు అలా ఉందో ఆ క్షణంలో నాకు తెలియదు. బీఎస్సీ చదివాను, బీఈడీ చదివాను, ఇరవై ఏళ్లుగా ఆ పాఠం చెబుతున్నాను. అయినా తెలియదు.

ఆ రోజు నేను చేసిన మంచి పని ఒకటే. ఇంటికెళ్లి జవాబు వెతికి తెచ్చి వాళ్ల ముందు పెట్టలేదు. "వాడు చూసింది నిజమేననిపిస్తున్నది. ఎట్ల తేల్చుకుందాం?" అని అడిగాను.

శ్రోతలారా, తర్వాతి నాలుగు రోజుల్లో ఆ పిల్లలు వాదించుకున్నంతగా ఏ పాఠం మీదా వాదించుకోగా నేను చూడలేదు. గద్దె మీద పడితే నీడ వంకరవుతుంది కాబట్టి చదునైన చోట వేరే కర్ర నాటాలన్నారు. పొడుగాటి వెదురు కావాలని ఒకడు, సరిగ్గా మీటరు ఉంటే లెక్క తేలికని ఒకమ్మాయి. మీటరే గెలిచింది. కర్ర నిటారుగా ఉందని ఎట్లా తెలుస్తుందన్న ప్రశ్న వచ్చినప్పుడు, తాపీమేస్త్రి కొడుకు ఒకడు ఇంటికి పరుగెత్తి వాళ్ల నాన్న తూకం గుండు తెచ్చాడు. నేల చదునుగా ఉందో లేదో చూడటానికి పళ్లెంలో నీళ్లు పోసి పెట్టారు. ఎవరి గడియారం నమ్మాలన్నది పెద్ద తగువైంది. చివరికి పదకొండున్నర నుంచి పన్నెండు ముప్పావు దాకా ఐదు నిమిషాలకోసారి నీడ కొస దగ్గర ఒక మేకు దిగ్గొట్టారు.

పన్నెండింటికి నీడ ఇంకా తగ్గుతూనే ఉంది. అన్నిటికన్నా పొట్టిగా మారింది పన్నెండూ పావుకు. అప్పుడూ అది మాయమవలేదు. పదకొండు సెంటీమీటర్లు ఉంది. అది పడిన వైపు బోరింగు వైపు, అంటే దక్షిణం వైపు.

పిల్లలకంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది నేనే. జూన్‌లో మన ఊళ్లో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిని దాటి ఉత్తరానికి వంగి ఉంటాడు. ఈ సంగతి నాకు లెక్కల్లో తెలుసు, కర్కట రేఖ పాఠంలో తెలుసు. కళ్లతో మాత్రం తెలియదు. నీడను కొలవడం మనకు కొత్త కూడా కాదు. మా ఊళ్లో పెద్దవాళ్లు తమ నీడను తమ అడుగులతోనే కొలుచుకుని పొద్దు చెప్పేవారు. శంకుస్థాపన అనే మాటలోని శంకువు కూడా నేలలో దిగేసే కొయ్యే. శుల్బ సూత్రాల కాలంలోనే ఆ కొయ్య చుట్టూ వలయం గీసి, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి నీడ కొస వలయాన్ని తాకిన చోట్లు గుర్తుపెట్టి తూర్పు పడమరలు తేల్చుకున్నారు. ఇంత పాత విద్యకు వారసులమై ఉండి, మా బడిలో ఒక్క కర్ర నాటడానికి ఒక పన్నెండేళ్ల పిల్లవాడు మొండికెయ్యాల్సి వచ్చింది.

మా శిక్షణ తరగతుల్లో ఈ పద్ధతికి అన్వేషణాత్మక అభ్యసనమని పేరు. పాఠం పిల్లల ప్రశ్నతో మొదలై, ఆ ప్రశ్నను తేల్చుకోవడానికి వాళ్లే దారి వేసుకుని, వాళ్లే చూసి, రాసుకుని, తప్పు జరిగితే మళ్లీ చూసి, కనుక్కున్నదాన్ని నలుగురికీ చెప్పడం. ఖరీదైన బడులకు, చిన్న తరగతులకు, ప్రయోగశాలలు ఉన్నవాళ్లకు మాత్రమే ఇది కుదురుతుందని చాలామంది అనుకుంటారు. ఆ అభిప్రాయం తప్పని మన దేశంలోనే, అది కూడా ప్రభుత్వ బడుల్లో, ముప్పై ఏళ్లపాటు నడిచిన ఒక పని రుజువు చేసింది. దాని గురించి కాస్త వివరంగా చెబుతాను.

మధ్యప్రదేశ్‌లో నర్మద ఒడ్డున హోషంగాబాద్ జిల్లా ఉంది. ఇప్పుడు నర్మదాపురం అంటున్నారు. 1972లో ఆ జిల్లాలోని పదహారు ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలల్లో సైన్సు బోధన మార్చే ప్రయత్నం మొదలైంది. మొదలుపెట్టినవి రెండు సంస్థలు: రసూలియా గ్రామంలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్, బనఖేడీ దగ్గరి కిశోర్ భారతి. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో శాస్త్రవేత్తగా ఉన్న అనిల్ సద్గోపాల్ ఆ ఉద్యోగం వదిలి వచ్చి కిశోర్ భారతిని స్థాపించారు. బొంబాయి నుంచి టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు, ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచి అధ్యాపకులు సెలవుల్లో వచ్చి పల్లెటూరి మాస్టర్లతో కలిసి కూర్చునేవారు. 1978 నాటికి అది జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నిటికీ వ్యాపించింది. 1982లో ఆ పని చూసుకోవడానికి ఏకలవ్య అనే సంస్థ పుట్టింది.

వాళ్ల పుస్తకం పేరు బాల వైజ్ఞానిక్. ఆ పుస్తకంలో ప్రయోగాలు ఉన్నాయి, ప్రశ్నలు ఉన్నాయి, జవాబులు లేవు. పిల్లలు నలుగురేసి టోలీగా కూర్చుని, ప్రయోగం చేసి, కనబడింది తమ మాటల్లో రాసుకోవాలి. టోలీకి టోలీకి ఫలితం తేడా వస్తే ఎందుకొచ్చిందో మాట్లాడుకోవాలి. సామాను సంతలో దొరికేదే. టెల్కోలో ఇంజనీరుగా పనిచేస్తున్న అరవింద్ గుప్తా 1978లో సెలవు పెట్టి అక్కడికి వచ్చి, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లల్ని కలిపి ఆకారాలు చేసే విద్య కనిపెట్టారు. మూడు పుల్లల త్రిభుజాన్ని నొక్కితే కదలదు. నాలుగు పుల్లల చతురస్రాన్ని నొక్కితే వాలిపోతుంది. ఇంటి పైకప్పు దూలాల్లో, కరెంటు టవర్లలో త్రిభుజాలు ఎందుకుంటాయో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ బొమ్మలు ఇప్పుడు దేశమంతటా బడుల్లో ఉన్నాయి. నా దగ్గరా ఒక పాత డబ్బా నిండా ఉన్నాయి.

హోషంగాబాద్ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మనిషి సవాలీరామ్. అలాంటి మనిషి లేడు. మనకు సవాలు అంటే పందెం. హిందీలో సవాల్ అంటే ప్రశ్న. ఏ పిల్లవాడికి ఏ సందేహం వచ్చినా సవాలీరామ్‌కు ఉత్తరం రాయొచ్చు. పిల్లలు నిజంగానే రాశారు. ఆ ఊహా మనిషి పేరుతో కార్యకర్తలు జవాబులు రాసి పంపేవారు. మాస్టారికి కోపం వస్తుందేమోనన్న బెరుకు, తోటివాళ్లు నవ్వుతారేమోనన్న భయం కాగితం మీద ఉండవు. మా బడిలో నేను పెట్టిన ప్రశ్నల డబ్బా ఆయన నుంచి నేర్చుకున్నదే. చాక్‌పీసుల ఖాళీ డబ్బాకు పైన చీలిక పెట్టాం. పేరు రాయక్కర్లేదు. శనివారం చివరి పీరియడులో తెరుస్తాం. "చలికాలంల బాయి నీళ్లు ఎందుకు వెచ్చగుంటయి?" అన్న చీటీ దాన్నుంచే వచ్చింది. రెండు థర్మామీటర్లతో ఏడాది పొడుగునా కొలిస్తే బావి నీళ్ల వేడి దాదాపు మారలేదనీ, మారింది గాలేననీ, మన చెయ్యేననీ ఎనిమిదో తరగతి వాళ్లు తేల్చారు.

బాల వైజ్ఞానిక్‌లో ఆకులు, వేర్ల మీద ఒక పాఠం ఉంది. దాన్ని నేను మా బడిలో చేయించాను. పిల్లలు చుట్టుపక్కల దొరికిన మొక్కల్ని వేళ్లతో సహా పెరికి తేవాలి. ఆకు ఈనెలు వలలాగా అల్లుకున్నాయా, గీతల్లా పక్కపక్కనే సాగాయా చూడాలి. తల్లివేరు ఉందా, గుబురు వేళ్లా చూడాలి. పట్టిక రాయాలి. నియమం ఏదీ ముందు చెప్పకూడదు. గరిక, వరి, జొన్న ఒక వైపు చేరాయి. తోటకూర, తుమ్మి, కంది ఇంకో వైపు. వల ఈనెలున్న ఆకుకు తల్లివేరు ఉంటుందని, గీతల ఈనెలున్న ఆకుకు గుబురు వేళ్లు ఉంటాయని గంటలోపే అరుపులు మొదలయ్యాయి. ఎవరికి వారే కనిపెట్టామన్న సంబరం.

అప్పుడు ఒకమ్మాయి ఇంటి వెనక మురికి కాలువ పక్క నుంచి చేమ మొక్క పట్టుకొచ్చింది. ఆకులో ఈనెలు వలలాగే ఉన్నాయి. కింద తల్లివేరు లేదు, దుంప చుట్టూ సన్నటి గుబురు వేళ్లు. తరగతి నిశ్శబ్దమైపోయింది. మొక్క తప్పని ఒకడన్నాడు. పట్టిక తప్పని ఇంకొకడన్నాడు. ఆ అమ్మాయి నా వైపు తిరిగి, "ఈ నియమం ఎవరు వెట్టిన్రు సార్, మొక్కలా, మనమా?" అని అడిగింది.

ఏడో తరగతి పిల్ల. విజ్ఞాన శాస్త్రం ఏమిటన్న దాని మీద నేను చదివిన ఏ పుస్తకమూ అంత సూటిగా ప్రశ్న వెయ్యలేదు. ప్రకృతి నియమాలంటే మనం చూసినంత మేరకు మనం రాసుకున్నవి, కొత్త మొక్క వచ్చినప్పుడు నియమాన్ని తిరగరాయాలి. ఇది నేను చెబితే ఆ పిల్లలు నోటు రాసుకునేవారు. చేమ మొక్క చెప్పింది కాబట్టి పట్టిక కిందికి ఇంకో గడి గీశారు.

హోషంగాబాద్ వాళ్లు ఇంకో ధైర్యం చేశారు. పరీక్ష మార్చారు. పుస్తకమూ, తాము రాసుకున్న నోటుపుస్తకమూ పక్కన పెట్టుకుని పిల్లలు పరీక్ష రాసేవారు. ప్రయోగం చేసి చూపించే పరీక్ష విడిగా ఉండేది. గుర్తుపెట్టుకున్నారా అని కాక, ఆలోచించగలరా అని అడిగేవారు. మాస్టర్లకు వేసవిలో వారాల తరబడి శిక్షణ ఇచ్చేవారు. ఆ తర్వాత నెలనెలా సమావేశం ఉండేది. తరగతిలో ఏది కుదరలేదో, ఏ పిల్లవాడి ప్రశ్నకు తాము తడబడ్డారో అక్కడ చెప్పుకునేవారు. తెలియదని తోటి మాస్టర్ల ముందు ఒప్పుకోగలిగిన మనిషే పిల్లల ముందు కూడా ఒప్పుకోగలడు. పుస్తకం కన్నా, సామాను కన్నా ఆ నెలనెలా సమావేశమే ఆ కార్యక్రమాన్ని నిలబెట్టిందని నా నమ్మకం.

2002 నాటికి అది పదిహేను జిల్లాల్లో వెయ్యికి పైగా బడులకు చేరింది. ఆ ఏడాది రాష్ట్ర ప్రభుత్వం దాన్ని మూసేసింది. దాని మీద అప్పుడూ వాదాలు జరిగాయి, ఇప్పటికీ జరుగుతున్నాయి. పుస్తకంలో జవాబు లేకుండా ముప్పై ఏళ్లు ప్రభుత్వ బడిలో సైన్సు చెప్పిన మాస్టర్లు ఒక్క ఉత్తర్వుతో మళ్లీ జవాబుల పుస్తకం చేతపట్టాల్సి వచ్చిందన్నదే నన్ను బాధపెట్టే విషయం.

ఇక మన దగ్గరికి వద్దాం. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం వచ్చింది. దాని వెంట కొత్త పాఠ్యపుస్తకాలు వచ్చాయి. కృత్యాలు, క్షేత్ర పరిశీలనలు, ప్రాజెక్టు పనులు పుస్తకంలోకి వచ్చాయి. సైన్సులో విద్యా ప్రమాణాల పట్టిక చూస్తే విషయావగాహన తర్వాత రెండోది ప్రశ్నించడం, పరికల్పన చేయడం. ఈ మాట పాఠ్యపుస్తకంలో అచ్చులో చూసిన రోజు నాకు ఎంత ఆనందమేసిందో చెప్పలేను. పిల్లవాడు ప్రశ్న అడగడం ఒక ప్రమాణమని ప్రభుత్వం ఒప్పుకుంది!

తర్వాత ఏం జరిగిందో ఈ ప్రసంగం వింటున్న ఉపాధ్యాయులందరికీ తెలుసు. ఆ ప్రమాణానికి మార్కులున్నాయి కాబట్టి పరీక్షలో దాని మీద ప్రశ్న రావాలి. డాక్టరును కలిస్తే ఏయే ప్రశ్నలు అడుగుతావు, రైతును కలిస్తే ఏయే ప్రశ్నలు అడుగుతావు అని ప్రశ్నపత్రాల్లో రావడం మొదలైంది. ఏడాది తిరిగేసరికి డాక్టరును అడగాల్సిన నాలుగు ప్రశ్నలు గైడుల్లో అచ్చయ్యాయి. పిల్లలు వాటిని బట్టీ పట్టారు. జవాబుల్ని బట్టీ పట్టడం మనకు అలవాటే. ప్రశ్నల్ని బట్టీ పట్టిన పిల్లల్ని చూసినప్పుడు మాత్రం నాకు కడుపులో దేవినట్టయింది. అందులో తప్పు పిల్లలది కాదు, గైడు రాసినవాళ్లది కూడా కాదు. ప్రశ్న పుట్టడానికి చోటివ్వకుండా ప్రశ్నకు మార్కులు పెట్టాం.

ప్రాజెక్టు పనుల దారీ అదే. ఊళ్లో ఇంటర్నెట్ సెంటరు అతన్ని అడిగితే ఏ తరగతికి ఏ ప్రాజెక్టు కావాలో అతనికి నోటికొచ్చు. రంగుల ప్రింటు తీసి, చార్టు మీద అంటించి, పేరు రాసి ఇస్తారు. నేనూ అలాంటి చార్టులకు ఎన్నోసార్లు ఐదుకు ఐదు మార్కులు వేశాను. వాటిలో ఒక్కటి కూడా ఇప్పుడు గుర్తులేదు.

గుర్తున్న ప్రాజెక్టు వేరే ఉంది. 1993లో మొదలైన కార్యక్రమం జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్. పది నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లలు తమ ఊరి సమస్య ఒకటి తీసుకుని, నెలల తరబడి పరిశీలించి నివేదిక రాస్తారు. మన రాష్ట్రాల్లో జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు దాని కోసం చాలా శ్రమపడ్డారు. ఒక ఏడాది దానికి ఏం చేద్దామని తొమ్మిదో తరగతిలో అడిగితే ఒక అమ్మాయి చాలాసేపు ఊరుకుని అంది: "మా నాయనమ్మకు నడుము వంగింది, మోకాళ్లు వంగినయి. మా అమ్మకు ఎందుకు వంగలే?"

నల్లగొండ పేరు చెబితే నీళ్లలోని ఫ్లోరైడు, దానితో వంగిపోయే ఎముకలు గుర్తొచ్చే రోజుల్లో పుట్టిన పిల్లలు వాళ్లు. వ్యాధి పేరు వాళ్లకు తెలుసు, పరీక్షలో నిర్వచనం రాయగలరు. నాయనమ్మకు వచ్చి అమ్మకు ఎందుకు రాలేదన్నది మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. వాళ్లు ఊరి పటం గీశారు. బావులు, బోర్లు, చెరువు గుర్తుపెట్టారు. ఇంటింటికీ వెళ్లి, చిన్నప్పుడు ఎక్కడి నీళ్లు తాగారో, ఏ వయసు దాకా తాగారో అడిగారు. కొందరు ముసలివాళ్లు ఏడ్చారట. ఈ సంగతి ఒక మాస్టారు అడిగితే బయటికి వచ్చేది కాదు. నీళ్లు సీసాల్లో పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పంపించాం. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్న అంకె వాళ్లకు అప్పటిదాకా ఒక మార్కు జవాబు. పంపిన సీసాల మీద చీటీలు తిరిగొచ్చాక, ఏ బోరు పక్కన ఏ అంకె రాయాలో పటం ముందు నిలబడి చూస్తుంటే ఆ గదిలో మాట లేదు. ఆ అమ్మాయి వాళ్ల అమ్మ పెళ్లయి వచ్చేదాకా పెరిగింది వేరే ఊరు. అక్కడ తాగింది చెరువు నీళ్లు. నాయనమ్మ పుట్టింది, మెట్టింది ఇదే ఊరు. జవాబు అంత మామూలుగా ఉంది, అంత బరువుగా ఉంది.

ఇప్పుడు రెండో వైపు మాట కూడా చెప్పాలి. పిల్లల్ని వాళ్ల మానాన వదిలేస్తే అన్నీ వాళ్లే కనుక్కుంటారని నేను అనడం లేదు. 2006లో కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అనే ముగ్గురు విద్యా మనస్తత్వవేత్తలు, దారి చూపకుండా చేయించే అన్వేషణ కొత్తగా నేర్చుకునే పిల్లలకు పనికిరాదని గట్టిగా వాదిస్తూ వ్యాసం రాశారు. ఒకేసారి మనసులో పట్టే విషయాలు కొన్నే కాబట్టి, ముందు తెలిసినది ఏమీ లేని పిల్లవాడు వెతుకులాటలోనే అలసిపోతాడని వాళ్ల వాదన. అందులో నిజముంది. మా కర్ర దగ్గర కూడా, నేల చదునుగా ఉందా అని మొదట అడిగింది నేనే. ఆ మాట అడగకపోతే నాలుగు రోజుల కొలతలు వృథా అయ్యేవి. ఎప్పుడు అడగాలి, ఎప్పుడు ఊరుకోవాలి అన్నదే మాస్టారి పని. పాఠం చదివి వినిపించడం కన్నా అది చాలా కష్టం. పరమాణువు లోపల ఏముందో ఏ పిల్లవాడూ బడి ఆవరణలో కనుక్కోలేడు. అది చెప్పాల్సిందే. కరెంటు ప్లగ్గు దగ్గర ప్రయోగాలు వద్దని కూడా చెప్పాల్సిందే.

సిలబసు పూర్తికాదంటారు. నిజమే, పూర్తికాదు. నెలకు ఒక ప్రశ్న మీద నాలుగు పీరియడ్లు పెడితే ఏడాదికి రెండు పాఠాలు వెనకబడతాం. ఆ రెండు పాఠాలు పిల్లలే చదువుకుని వస్తారని నా అనుభవం. ప్రశ్న వేసి తేల్చుకోవడం నేర్చిన పిల్లవాడికి పాఠ్యపుస్తకం చదవడం వస్తుంది. అయినా ఆ లెక్క ఒక్కో మాస్టారు ఒంటరిగా వేసుకోవాల్సిన పరిస్థితి ఉండకూడదు. హోషంగాబాద్‌లో ఉన్నట్టు ప్రతి మండలంలో సైన్సు మాస్టర్లు నెలకొకసారి కలుసుకుని తమ పిల్లల ప్రశ్నల గురించి మాత్రమే మాట్లాడుకునే ఒక పూట కావాలి. నివేదికలు, రిజిస్టర్లు, ఫొటోలు లేని పూట. శాఖ అధికారులు ఎవరైనా వింటుంటే, నేను అడిగేది అదొక్కటే.

కర్ర సంగతి మధ్యలో వదిలేశాను. ఆ ఏడాదంతా పిల్లలు దాన్ని తియ్యనివ్వలేదు. దక్షిణం వైపు నీడ జూలై అంతా తగ్గుతూ వచ్చింది. ఆగస్టు మొదటి వారంలో మబ్బులు. మూడు రోజులు మధ్యాహ్నం పూట అన్నం గిన్నెలు పట్టుకుని కర్ర చుట్టూ నిలబడ్డారు. నాలుగో రోజు పన్నెండుంబావు దాటాక మబ్బు విడింది. కర్రకు నీడ లేదు. పక్కన నిలబడ్డ వాళ్ల కాళ్ల కిందే వాళ్ల నీడలు. నేను జూన్‌లో చెప్పింది ఏడాదికి రెండు రోజులు మాత్రమే నిజమని, అందులో ఒక రోజు మే నెల సెలవుల్లో పోయిందని వాళ్లే నాకు చెప్పారు. వారం తిరిగేసరికి నీడ ఉత్తరం వైపు మొదలైంది. డిసెంబరులో అది ఎనభై ఐదు సెంటీమీటర్లకు పెరిగింది.

నవంబరులో ఒకమ్మాయి తిరుపతిలో ఉన్న వాళ్ల అక్కకు ఫోన్ చేసి, అదే రోజు మధ్యాహ్నం అక్కడా మీటరు కర్ర నిలబెట్టి కొలవమంది. తిరుపతి మాకు దాదాపు తిన్నగా దక్షిణాన ఉంటుంది. మా నీడ 78 సెంటీమీటర్లు, వాళ్ల నీడ 69. తొమ్మిదో తరగతి వాళ్లు కాగితం మీద బొమ్మ గీసి కోణమాపకం పెట్టారు. తేడా మూడున్నర డిగ్రీలు. అట్లాసులో దారం పెట్టి కొలిస్తే దూరం 380 కిలోమీటర్ల దాకా వచ్చింది. మూడున్నర డిగ్రీలకు అంత దూరమైతే 360 డిగ్రీలకు ఎంత? 39 వేల కిలోమీటర్ల పైచిలుకు. పుస్తకంలో భూమి చుట్టుకొలత 40 వేలు. రెండువేల రెండువందల ఏళ్ల కిందట అలెగ్జాండ్రియాలో ఎరటోస్తనీస్ చేసిన లెక్క అదేనని నేను వాళ్లకు ఆ తర్వాతే చెప్పాను.

ఇంకొకటి ఉంది. నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉండే సమయం కూడా జరుగుతోందని ఆ మొదటి పిల్లవాడే పట్టుకున్నాడు. జూన్‌లో పన్నెండూ పావు. నవంబరు మొదట్లో పన్నెండుకు ముందే. ఫిబ్రవరిలో పన్నెండున్నరకు దగ్గర. సూర్యుడికి గడియారం తెలియదా అని అడిగాడు. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. తర్వాత పుస్తకాలు చూసి తెలుసుకున్నాను. అప్పటికి వాడు బడి దాటిపోయాడు.

మొన్న ఫిబ్రవరిలో వాడు బడికి వచ్చాడు. ఇంటర్ చదువుతున్నాడు. కర్ర దగ్గర కాసేపు నిలబడి, ఆ నోటుబుక్కు ఉందా అని అడిగాడు. అలమరాలోంచి తీసి ఇచ్చాను. తేదీలు, నిమిషాలు ఉన్న పేజీలు తిప్పుతూ, "ఇది ఎందుకో మీకు ఎరుకైందా సార్?" అన్నాడు.

ఎరుకైందన్నాను.

"అయితే చెప్పకుండ్రి" అని, నోటుబుక్కు చంకలో పెట్టుకుని, సైకిలెక్కి వెళ్లిపోయాడు.